మూత బిగించాక కూడా బైకు పెట్టెలోకి నీళ్లు ఎలా వస్తాయి?

ఆగస్టులో ఒకరోజు చింతపల్లి నుంచి విశాఖపట్నం బయల్దేరాను. బండి వెనక 45 లీటర్ల టాప్ బాక్స్. అందులో అడుగున నాన్నగారి ఆసుపత్రి ఫైలు, దాని మీద రెండు జతల బట్టలు. మర్నాడు డాక్టరుగారికి చూపించాలి. పొద్దున ఎండ బాగా కాసింది. బండి రెండు గంటలపాటు వాకిట్లో ఎండలోనే ఉంది. లంబసింగి దాటి ఘాట్ దిగడం మొదలుపెట్టేసరికి వాన పట్టుకుంది, నర్సీపట్నం దాకా వదల్లేదు. నాకు మాత్రం టెన్షన్ లేదు. పెట్టె కొత్తది, మూత చుట్టూ రబ్బరు ఉంది, తాళం టక్కుమని పడింది.

నర్సీపట్నంలో టీ కొట్టు దగ్గర ఆగి, మూత తెరిచి బట్టలు తీశాను. ఫైలు అట్ట మెత్తబడి చేతికి ఊడి వచ్చింది. రిపోర్టులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మెల్లగా విడదీస్తే, ఒక కాగితం మీది సంతకం నీలంగా కరిగి పక్క కాగితం మీదికి పాకి ఉంది. పెట్టె అడుగున చూస్తే దాదాపు రెండు గ్లాసుల నీళ్లు. మూత లేవలేదు, రబ్బరు తెగలేదు, పెట్టె పగల్లేదు. మరి అన్ని నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఆ ప్రశ్న నన్ను రెండు వానాకాలాలు వదల్లేదు. చివరికి అర్థమైంది ఇది. మీద పడిన వాన పెట్టెలోకి కారడం ఒక సంగతి, పెట్టె తానే ఆ వానను లోపలికి పీల్చుకోవడం ఇంకో సంగతి. మనం మొదటిదానికే కాపలా కాస్తాం. నా అనుభవంలో ఎక్కువగా ముంచేది రెండోదే.

పెట్టె ఊపిరి

ఇది అర్థం కావడానికి వంటింట్లోకి వెళ్తే చాలు. పొగలు కక్కే అన్నం స్టీలు డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కి వదిలేయండి. గంట తర్వాత ఆ మూత తీయడానికి చెయ్యి నొప్పి పుడుతుంది. దాన్ని ఎవరూ బిగించలేదు. లోపలి వేడి గాలి చల్లబడి కుంచించుకుపోయింది, ఆవిరి నీరైపోయింది, దాంతో బయటి గాలి మూతను కిందికి అదిమేసింది. సన్నటి సందు దొరికితే చాలు, బయటి గాలి బుస్సుమని లోపలికి దూరుతుంది.

బండి మీది పెట్టెలోనూ జరిగేది ఇదే. నల్ల ప్లాస్టిక్ పెట్టె ఎండలో నిలబడితే లోపలి గాలి 50 డిగ్రీలకు చేరడం పెద్ద విషయం కాదు. అప్పుడు వాన వచ్చి పెట్టెను 25 డిగ్రీలకు దించిందనుకోండి. లోపలి గాలి దాదాపు 8 శాతం కుంచించుకుపోతుంది. 45 లీటర్ల పెట్టెలో అది సుమారు మూడున్నర లీటర్లు. ఆ ఖాళీ నిండాలంటే బయటి నుంచి ఏదో ఒకటి లోపలికి రావాలి. పెట్టె చుట్టూ వాన నీళ్లు పొరలా కప్పి ఉంటే, ఏ సందు నుంచి గాలి వద్దామన్నా ముందు ఆ నీళ్లే అడ్డం ఉంటాయి. కాబట్టి ముందు నీళ్లే వస్తాయి. కొబ్బరి బొండాంలో స్ట్రా వేసి పీల్చినట్టే.

ఈ పీల్పు బలం ఎంతో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఎదురుగాలి వానను పెట్టెకేసి కొడుతుంది కదా, ఆ గాలి ఒత్తిడి నీటిని పైకి నెట్టగలిగేది సుమారు 3 సెంటీమీటర్లు. అదే పెట్టె చుక్క గాలి కూడా దూరనంత బిగుతుగా ఉండి 50 నుంచి 25 డిగ్రీలకు చల్లబడితే, దానిలో పుట్టే లాగుడు 75 సెంటీమీటర్లకు పైగా నీటిని పైకి లాగగలదు. వేగంగా పోతే నీళ్లు దూరతాయని మనం భయపడతాం. వేగం కన్నా ఎన్నో రెట్లు పెద్ద శక్తి పెట్టె లోపలే కూర్చుని ఉంటుంది.

ఇక ఘాట్ రోడ్డు సంగతి. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి మైదానంలో కన్నా పదో వంతు తక్కువ. కింద కొన్న చిప్స్ ప్యాకెట్టు పైకి వెళ్లేసరికి బూరెలా ఉబ్బడం మీరూ చూసే ఉంటారు. దిగేటప్పుడు దానికి ఉల్టా జరుగుతుంది. పైన ఖాళీ చేసి మూత బిగించిన నీళ్ల సీసా కింద నర్సీపట్నంలో బ్యాగులోంచి తీస్తే నలిగిపోయి ఉంటుంది. టాప్ బాక్స్ సీసాలా నలగదు కాబట్టి పీల్చుకుంటుంది. ఆ ఒక్క దిగుడులో 45 లీటర్ల పెట్టెకు ఇంకో నాలుగున్నర లీటర్ల గాలి కావాలి.

ఎండలో కాగిన పెట్టె, వానలో చల్లబడటం, పైగా ఘాట్ దిగడం. ఆ రోజు నేను తెలియకుండా మూడింటినీ ఒక్కచోట కలిపాను. మొత్తం ఎనిమిది లీటర్ల ఊపిరి. అందులో ఇరవయ్యో వంతు గాలికి బదులు నీళ్లయినా 400 మిల్లీలీటర్లు, అంటే నేను చూసిన రెండు గ్లాసులు. ఎక్కే దారిలో అదే పెట్టె గాలిని బయటికి వదులుతుంది కాబట్టి నీళ్లు అంత తొందరగా రావు. పైకి వెళ్లేటప్పుడు పొడిగా ఉన్న పెట్టె కిందికి వచ్చేటప్పుడే ఎందుకు తడిసిందో తెలియక చాలామంది తల పట్టుకుంటారు.

"వాటర్‌ప్రూఫ్" అన్న మాటకు అర్థం

పెట్టెలు అమ్మేటప్పుడు ఐపీఎక్స్4, ఐపీ67 లాంటి గుర్తులు చెబుతుంటారు. ఇవి ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణంలోవి. అసలు ఆ ప్రమాణం పుట్టింది కరెంటు సామాన్ల డబ్బాల కోసం. ఐపీ తర్వాత రెండో స్థానంలోని అంకె నీటి సంగతి చెబుతుంది. 4 అంటే ఏ వైపు నుంచి నీళ్లు చిందినా తట్టుకోవాలి. 5 అంటే నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున గొట్టంతో కొట్టినా నష్టం ఉండకూడదు. 6 అంటే ఆ ధార నిమిషానికి 100 లీటర్లు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా ఫరవాలేదు. మునిగినా తట్టుకునేది ధారను కూడా తట్టుకుంటుందని అనుకుంటాం గానీ, 7 పాసైనంత మాత్రాన 5, 6 పాసైనట్టు కాదు. అవి వేర్వేరు పరీక్షలు.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించిన సంగతి ఆ పరీక్షల పద్ధతిలోనే ఉంది. పరీక్షకు వాడే నీటికీ, పరీక్షించే వస్తువుకూ మధ్య 5 డిగ్రీలకు మించి తేడా ఉండకూడదని నియమం. నీళ్లు అంతకన్నా చల్లగా ఉంటే చిందే, కొట్టే పరీక్షల్లో డబ్బా లోపలా బయటా ఒత్తిడి సమానంగా ఉండేలా ఏర్పాటు చేయాలి. అంటే చల్లబడితే పెట్టె నీళ్లు పీల్చుకుంటుందని ఆ ప్రమాణం రాసినవాళ్లకు బాగా తెలుసు. అందుకే పరీక్షలోంచి దాన్ని తప్పించారు. మన దారిలో మాత్రం అది తప్పదు. మే నెల ఎండకు కాగిన పెట్టె మీద ఒక్కసారిగా గాలివాన కురిస్తే తేడా ఎన్ని డిగ్రీలో ఊహించుకోండి.

పైగా పరీక్ష గదిలో పెట్టె కదలకుండా ఉంటుంది, రబ్బరు కొత్తది, లోపల ఏమీ కుక్కి ఉండరు. రోడ్డు మీద గుంతల్లో ఎగిరెగిరి పడే పెట్టెకు ఆ అంకె హామీపత్రం కాదు. అలాగని పనికిరానిదీ కాదు. రెండు పెట్టెలను పోల్చి చూసుకోవడానికి అంత మంచి కొలమానం మరొకటి లేదు.

నీళ్లకు దారులు

పెట్టె పీల్చడం సరే, ఏ సందులోంచి పీలుస్తుంది? పైన ఉన్న మూత వైపే మన చూపంతా ఉంటుంది. 40 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మూత మీద, గంటకు 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే గంటలో 8 లీటర్ల నీళ్లు పడతాయి. అవన్నీ మూత అంచు మీదుగానే కిందికి జారాలి. పెట్టె తయారు చేసినవాళ్లు మూతను ఇంటి చూరులా అంచు దాటించి కిందికి వంచితే ఆ నీళ్లు బయటే పడిపోతాయి, రబ్బరు దాకా రావు. బండికి రెండు పక్కలా తగిలించే పెట్టెల్లో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ట్రంకుపెట్టెలా పైనుంచి తెరిచే అల్యూమినియం పెట్టెకు చూరు ఉంటుంది. పుస్తకంలా పక్కకు తెరుచుకునే ప్లాస్టిక్ పెట్టెకు అతుకు నిలువుగా ఉంటుంది కాబట్టి భారమంతా రబ్బరు మీదే. రెండో రకం చూడటానికి అందంగానే ఉంటుంది, బండికీ బాగా నప్పుతుంది. కానీ వానలో తిరిగేవాళ్లకు నేను మొదటి రకమే చెబుతాను.

రబ్బరు ఎంత మంచిదైనా దాన్ని ఓడించేది మనం కుక్కే సామాను. మూత మూయడానికి మోకాలు పెట్టి నొక్కాల్సి వచ్చిందంటే, తాళం పడిన చోట రబ్బరు నొక్కుకుని ఉంటుంది, మూలల్లో లేచి ఉంటుంది. ప్లాస్టిక్ మూత అంత ఒత్తిడికి కొద్దిగా వంగిపోతుంది, అది కంటికి కనపడదు.

ఇంతకన్నా గమ్మత్తయిన దారి ఇంకొకటుంది. ఒకసారి అన్నవరం వెళ్లి వస్తుంటే పెట్టెలో ఒకే ఒక్క చొక్కా తడిసింది, మిగతావన్నీ పొడిగా ఉన్నాయి. తీసి చూస్తే దాని చేతి అంచు మూత కింద ఇరుక్కుని, అర అంగుళం బయటికి వచ్చి ఉంది. ఆ అర అంగుళం గుడ్డ దీపం వత్తి నూనె లాగినట్టు నీళ్లను లోపలికి లాగింది. చుక్కచుక్కగా చొక్కా మొత్తం పీల్చేసింది. తువ్వాలు కొస, సంచి పట్టీ, లోపలి బ్యాగు తాడు, ఏది ఇరుక్కున్నా ఇదే జరుగుతుంది. మూత వేశాక చుట్టూ ఒకసారి వేలు తిప్పి చూసుకోవడానికి పది సెకన్లు పట్టదు.

తాళం చెవి రంధ్రం కూడా దారే, కానీ చిన్నది. చాలా పెట్టెల్లో దానికి రబ్బరు మూత ఉంటుంది. అది ఊడిపోతే మళ్లీ వేయించుకోండి.

ఎవరూ చూడని దారి అడుగున ఉంది. టాప్ బాక్స్‌ను ప్లేటుకు బిగించడానికి వేసిన బోల్టుల రంధ్రాలు, బ్రేకు లైటు వైరు కోసం చేసిన రంధ్రం, వెనక కూర్చునేవాళ్లు ఆనుకునే మెత్తకు వేసిన స్క్రూలు. అల్యూమినియం పెట్టెలకైతే మూలల్లోని రివెట్లు, హ్యాండిల్ బోల్టులు. వాన పైనుంచే వస్తుందని మనం అనుకుంటాం గానీ, తడి రోడ్డు మీద వెనక చక్రం కింది నుంచి పైకి బురదనీళ్లు చిమ్ముతూనే ఉంటుంది. పైగా బండి నడిపే మనిషి వెనక గాలి సుడి తిరుగుతుంది, ఆ తుంపర పెట్టె వెనక భాగానికి, అడుగుకు అంటుకుంటుంది. వాన ఆగిపోయాక ఒక పది కిలోమీటర్లు తడి రోడ్డు మీద పోయి పెట్టె వెనకవైపు చూడండి, ఎర్రమట్టి పొర ఉంటుంది. మట్టి చేరిన చోటికల్లా నీళ్లూ చేరినట్టే లెక్క.

దొంగదారి పట్టుకోవడం

నా పెట్టెలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవడానికి ముందు అందరూ చేసేదే చేశాను. వాకిట్లో బండి పెట్టి, గొట్టంతో నీళ్లు కొట్టి, మూత తీసి చూశాను. లోపల పొడిగా ఉంది. రెండుసార్లు అలాగే అయింది. ఊపిరి సంగతి తెలిశాక చేసిన పరీక్ష వేరు. పెట్టెను మధ్యాహ్నం ఎండలో చెయ్యి పెట్టలేనంత కాగనిచ్చాను. లోపల అడుగునా, నాలుగు గోడలకూ, మూత కిందా పాత న్యూస్‌పేపర్లు అంటించాను. మూత వేసి, మా బావను గొట్టం పట్టుకోమన్నాను. బోరు నీళ్లు పది నిమిషాలు పైనుంచి, పక్కల నుంచి, తర్వాత కింది నుంచి కొట్టాడు.

మూత తెరిస్తే పై కాగితాలన్నీ ఫెళఫెళలాడుతున్నాయి. అడుగున పరిచిన కాగితం మీద మాత్రం కుడివైపు వెనక బోల్టు చుట్టూ రూపాయి బిళ్లంత తడి మచ్చ, అక్కడి నుంచి మధ్యకు ఒక గీత. ఆ బోల్టు విప్పి చూస్తే మిగతా మూడింటికీ ఉన్న రబ్బరు వాషర్ దానికి లేదు. బిగించిన షాపులో మర్చిపోయారు. నాన్నగారి ఫైలును తడిపింది రెండు రూపాయలు కూడా చేయని ఆ వాషరే.

రాత్రిపూట చేయగల పరీక్ష ఒకటుంది. చీకటి గదిలో, ఫోను టార్చి వెలిగించి పెట్టెలో పెట్టి మూత వేసి చుట్టూ చూడండి. వెలుగు కనిపించిన చోట సందు ఉన్నట్టే. వెలుగు రానంత మాత్రాన సందు లేదని చెప్పలేం, మెలికలు తిరిగిన దారిలోంచి వెలుగు రాదు, నీళ్లు వస్తాయి. అందుకే కాగితం పరీక్షనే నేను ఎక్కువగా నమ్ముతాను. కొత్త పెట్టె బిగించాక, దూరం వెళ్లే ముందు ఒక్కసారైనా చేసి తీరాలి.

ఎక్కడ మూయాలి, ఎక్కడ వదలాలి

సందులన్నీ మూసేస్తే సరిపోతుందని మొదట నేనూ అనుకున్నాను. మూసేకొద్దీ లోపలి లాగుడు మిగిలిన ఒక్క సందు మీద పడుతుంది. తొంభైతొమ్మిది మూసి ఒకటి వదిలేస్తే ఊపిరంతా ఆ ఒక్కదాంట్లోంచే. అది నీళ్లలో ఉందో, తీరిపోయింది. ఇక్కడే నాకు గొంగడి గుర్తొస్తుంది. గొర్రెలు కాసేవాళ్లు వానలో గొంగడి కొప్పెర వేసుకుని రోజంతా నిలబడతారు. దానికి జిప్పూ లేదు, రబ్బరూ లేదు, కింద అంతా తెరిచే ఉంటుంది. నీళ్లు మీదనుంచి జారిపోతాయి, కింది నుంచి గాలి ఆడుతుంది. పెట్టెకూ కావాల్సింది అదే. నీళ్లు పడే చోట మూయాలి, నీళ్లు చేరని చోట గాలికి దారి వదలాలి.

కెమెరాలు, తుపాకులు, పరికరాలు మోసే పెలికన్ అనే కంపెనీ పెట్టెల్లో ఇదే చేశారు. నీళ్లలో మునిగినా తట్టుకునే ఆ పెట్టెలకు ముందువైపు ఒక చిన్న వాల్వు ఉంటుంది. గాలిని రానిస్తుంది, పోనిస్తుంది, నీటిని ఆపుతుంది. అది లేకపోతే విమానం దిగాక ఆ మూత తీయడం కష్టమవుతుంది. కార్ల హెడ్‌లైట్లలో, వీధిలైట్ల డబ్బాల్లో కూడా నీరు చొరబడని పలుచటి పొర ఉన్న బ్రీదర్లు ఉంటాయి. ఇలాంటి పొర ఉన్న ప్లాస్టిక్ బ్రీదర్ ప్లగ్గులు కరెంటు ప్యానెల్ సామాన్లు అమ్మేచోట దొరుకుతాయి. రంధ్రం చేసి నట్టు బిగించడమే. పెట్టె ముందు గోడకు, అంటే బండి నడిపేవారి వీపు వైపు, మూత చూరు కింద పెడితే నేరుగా వాన తగలదు, చక్రం చిమ్మే బురదా అందదు. నేను పెట్టుకున్నాను. గ్యారంటీ ఉన్న కొత్త పెట్టెకు రంధ్రం చేస్తే గ్యారంటీ పోవచ్చు, అది ముందే ఆలోచించుకోండి.

రంధ్రం ఇష్టం లేకపోతే తేలిక మార్గం ఉంది. ఎండలో ఆపిన బండిని వానలోకి తీసే ముందు పెట్టె మూత ఒక్క నిమిషం తెరిచి, లోపలి వేడి గాలిని పోనిచ్చి మూయండి. అలాగే ఘాట్ దిగాక ఎక్కడైనా పైకప్పు కింద ఆగినప్పుడు, మూత మీది నీళ్లు తుడిచి ఒకసారి తెరిచి మూయండి. అది పీల్చుకోవాల్సిన గాలిని పొడిచోటే పీల్చుకుంటుంది. పైసా ఖర్చు లేదు.

మూయాల్సిన చోట్ల సంగతి. బోల్టుకు పెట్టె లోపలా బయటా రబ్బరు అతికిన వాషర్లు వేస్తే సరిపోతుంది. రివెట్ల దగ్గర, అతుకుల దగ్గర సిలికాన్ పేస్టు రాయవచ్చు. కానీ కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఆరేటప్పుడు వెనిగర్‌లా ఘాటుగా వాసన కొట్టే రకం ఆమ్లాన్ని వదులుతుంది, అది లోహాన్ని తింటుంది. అల్యూమినియానికి న్యూట్రల్ క్యూర్ రకమే అడగండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇంకో చిక్కు. అల్యూమినియం పెట్టెకు స్టీలు బోల్టు నేరుగా తగిలితే, ఉప్పుతేమ మధ్యలో చేరి అల్యూమినియం తినేయబడుతుంది. బోల్టు చుట్టూ తెల్లటి పొడి కనిపించిందంటే రంధ్రం పెద్దదవుతోందని అర్థం. మధ్యలో నైలాన్ వాషర్ వేయండి.

మూత రబ్బరును కుక్కర్ గాస్కెట్‌లాగే చూసుకోవాలి. గాస్కెట్ సాగితే విజిల్ రాదని ఏడాదికోసారి మారుస్తాం, పెట్టె రబ్బరును మాత్రం జన్మలో చూడం. దానిలో చేరిన ఇసుకను తడిగుడ్డతో తుడవాలి. ఒక్క ఇసుక రేణువు చాలు సందు చేయడానికి. పెట్రోలుతో తుడవడం, గ్రీజు, ఇంజన్ ఆయిల్ పూయడం చాలామంది మెకానిక్కుల అలవాటు. ఇలాంటి చోట్ల ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరుకు పెట్రోలియం నూనెలు పడవు, ఉబ్బి మెత్తబడిపోతుంది. దానికి సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే మంచిది. రబ్బరు ఏ రకమో తెలియకపోతే ఏదీ రాయకుండా శుభ్రంగా తుడిచి పౌడరు అద్దడం మేలు.

లోపలి నుంచి వచ్చే తడి

అన్నీ చేశాక కూడా ఒక్కోసారి మూత కింద చెమట పట్టినట్టు నీటి బొట్లు కనిపిస్తాయి. గాలిలోని తేమే ఇలా అయిందని అనుకుంటాం. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ నిండిన గాలి, ఘనపు మీటరుకు సుమారు 30 గ్రాముల నీటిని పట్టుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు. 45 లీటర్ల పెట్టెలో ఆ తేడా లెక్కగడితే ఒక గ్రాము కూడా రాదు. పది, పన్నెండు చుక్కలు. కాబట్టి బట్టలు చెమ్మగిల్లేంత తడి గాలిలోది కాదు, మనం పెట్టిందే. టీ తాగడానికి ఆగి విప్పి, దులిపి, మడిచి పెట్టెలో వేసిన రెయిన్‌కోటులో గ్లాసుడు నీళ్లు ఉంటాయి. నీళ్లను బయట ఆపే పెట్టె, లోపల పడిన నీళ్లను బయటికీ పోనివ్వదు. ఆ గ్లాసు నీళ్లు ఆవిరై, మూతకు తగిలి, చుక్కలై, మళ్లీ బట్టల మీదే పడతాయి.

తడిసిన వస్తువు పెట్టెలోకి వెళ్లకూడదు. ఇందులో మినహాయింపు లేదు. రెయిన్‌కోటుకు, తడి గ్లవుసులకు పెట్టె మీద వలతాడు కింద చోటు చూడండి, లేదా రెండు పక్కపెట్టెలుంటే ఒకదాన్ని తడి పెట్టెగా వదిలేయండి.

సిలికా జెల్ పొట్లాలు వేస్తే ఏమైనా ఉపయోగమా అని అడుగుతుంటారు. 5 గ్రాముల పొట్లం ఒకటి, ఒకటిన్నర గ్రాముల నీటిని పట్టగలదు. బిగుతైన చిన్న సంచిలో కెమెరా పక్కన పెడితే బాగా పనిచేస్తుంది. తడి తువ్వాలు ఉన్న పెట్టెలో వేస్తే దానివల్ల ఏమీ కాదు.

లాప్‌టాప్ మోసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఏసీ గదిలో రాత్రంతా 20 డిగ్రీలకు చల్లబడిన లాప్‌టాప్‌ను తెల్లారి వానాకాలపు గాలిలోకి తెచ్చి పెట్టెలో పెడితే, చల్లటి మజ్జిగ గ్లాసుకు పట్టినట్టు దానికి నీళ్లు పడతాయి. వాన చుక్క పడకుండానే అది తడుస్తుంది. గదిలో ఉండగానే దాన్ని సంచిలో పెట్టి గాలి పోయేలా నొక్కి మూసేయండి. తర్వాత ఎక్కడికి చేరినా అరగంట ఆగి, సంచి బయటి వేడికి వచ్చాక తీయండి.

ఇల్లు పెట్టె, గది సంచి

ఇన్ని చెప్పినా నా పెట్టె ఎప్పుడూ పూర్తిగా పొడిగా ఉంటుందని నేను నమ్మను. దాని పని దెబ్బ తగలకుండా, దొంగ ఎత్తుకుపోకుండా, వాన నేరుగా పడకుండా చూడటం. పొడిగా ఉంచే పని లోపలి సంచిది. నోరు మూడుసార్లు చుట్టి బకిల్ వేసే రోల్‌టాప్ సంచి అయితే మంచిది. కొనేటప్పుడు అతుకు చూడండి. కుట్టు ఉంటే ప్రతి సూది రంధ్రమూ ఒక సందే, వేడితో అతికించినదైతే అది ఉండదు. మూసే ముందు సంచిని ఒళ్లో పెట్టుకుని గాలంతా నొక్కి తీసేయాలి. గాలి లేని సంచి చల్లబడినా, ఘాట్ దిగినా పీల్చుకోవడానికి దాని లోపల ఏమీ మిగలదు.

అంత ఖర్చు వద్దనుకుంటే దళసరి పాలిథిన్ సంచి ఒకదానిలో ఇంకొకటి వేసి, నోరు మెలిపెట్టి, కిందికి మడిచి రబ్బరు బ్యాండు వేయండి. నేను ఏడాది అలాగే తిరిగాను. చెత్తబుట్టకు వేసే పలుచటి కవర్లు మాత్రం వద్దు, చార్జరు పిన్ను తగిలితే చిరిగిపోతాయి. కాగితాలకు విడిగా జిప్ కవరు. ఆసుపత్రి కాగితాలు, భూమి పాసుపుస్తకం, సర్టిఫికెట్ల వంటివి ఎప్పుడూ రెండు పొరల్లో, పెట్టెలో అన్నిటికన్నా పైన ఉండాలి. బయల్దేరే ముందు వాటిని ఫోనులో ఫోటో తీసుకోండి. నాన్నగారి రిపోర్టుల్లో చదవలేకుండా పోయిన రెండు కాగితాలకు ఫోటో ఉండి ఉంటే, ఆ పరీక్షలు ఆయనకు మళ్లీ చేయించాల్సిన అవసరం వచ్చేది కాదు. డెబ్బై ఏళ్ల మనిషిని పరగడుపున మళ్లీ రక్తం తీయించడానికి కూర్చోబెట్టడం నాకు ఇప్పటికీ బాధే.

పెట్టె అడుగున రంధ్రాల రబ్బరు చాప ముక్క, బాత్రూముల ముందు వేసేది, కొలతకు కోసి వేశాను. నీళ్లు ఎలాగో దూరినా దాని కింద ఉంటాయి, సంచికి తగలవు. ఇంటికి చేరాక ఆ చాప ఎత్తి చూడటం అలవాటైపోయింది. అక్కడ తడి ఎంత ఉందో, ఏ మూలలో ఉందో చూస్తే రబ్బరు ఎలా ఉందో, బోల్టులు ఎలా ఉన్నాయో తెలిసిపోతుంది.

వానాకాలం అయ్యాక పెట్టెను తాళం వేసి అటక మీద పెట్టేయకండి. నెలల తరబడి నొక్కుకుని ఉన్న రబ్బరు ఆ నొక్కులోనే గట్టిపడి మళ్లీ పైకి లేవదు. లోపలంతా ముక్కిన వాసన కూడా పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, మూత కింద పాత చెప్పు ముక్కో, కర్ర పుల్లో అడ్డం పెట్టి, ఎండ నేరుగా తగలని వరండాలో వదిలేయండి.